బొంబాయి ప్రెసిడెన్సీలో ప్లేగు నిబంధనలు, ప్రజల ప్రతిస్పందన

1896లో బొంబాయి (ప్రస్తుత ముంబై) నగరములో ప్లేగు వ్యాధి బయటపడిన తరువాత దానిని అరికట్టడానికి బ్రిటిషు ప్రభుత్వము బొంబాయి ప్రెసిడెన్సీలో వరుసగా కఠినమైన నిబంధనలు ప్రవేశపెట్టినది. ఇళ్ళ సోదాలు, రోగులను బలవంతముగా ఆసుపత్రులకు తరలించడం, వారి బంధువులను శిబిరాలలో ఉంచడం, రైలు ప్రయాణీకుల దేహ పరీక్షలు, శవ పరీక్షలు ఈ నిబంధనలలో ముఖ్యమైనవి. వీటిపై ప్రజలలో వచ్చిన ప్రతిస్పందన పలు రూపాలలో కనిపించినది. కొందరు నగరాలు విడిచి వెళ్ళారు, కొందరు రోగులను దాచారు, కొందరు అర్జీలు పెట్టారు, పత్రికలలో వ్రాశారు. కొన్నిచోట్ల సమ్మెలు, అల్లర్లు జరిగినవి. 1897 జూన్ 22న పూణేలో ప్లేగు కమిటీ అధ్యక్షుడు వాల్టర్ చార్లెస్ రాండ్‌పై కాల్పులు జరిగినవి. 1898 నుండి 1900 మధ్య ప్రభుత్వము ఈ నిబంధనలను చాలావరకు సడలించవలసి వచ్చినది. ఈ కాలములో చేసిన అంటువ్యాధుల చట్టము (1897) ఆ తరువాత శతాబ్దానికి పైగా అమలులో ఉండి, 2020లో కోవిడ్-19 సమయములో కూడా ఉపయోగపడినది.

నేపథ్యము

ప్లేగు చరిత్రలో దీనిని మూడవ మహమ్మారి అంటారు. 19వ శతాబ్దపు మధ్యభాగములో చైనాలోని యునాన్ ప్రాంతములో మొదలైన ఈ వ్యాధి 1894లో హాంగ్‌కాంగ్ చేరినది. అక్కడే అదే సంవత్సరము అలెగ్జాండర్ యెర్సిన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. ఓడల ద్వారా వ్యాధి బొంబాయి రేవుకు వచ్చినదని భావిస్తారు. 1896 సెప్టెంబరులో రేవుకు ఆనుకొని ఉన్న మాండ్వీ ప్రాంతములో డాక్టర్ అకాసియో గాబ్రియేల్ వియెగాస్ మొదటి రోగులను గుర్తించాడు. మాండ్వీ ధాన్యపు గిడ్డంగులకు పేరుపొందిన ప్రాంతము. గిడ్డంగులలో ఎలుకలు చచ్చి పడుతున్నాయని అక్కడివారు చూస్తూనే ఉన్నారు.

అయితే వ్యాధి ఎలుకల మీది గోమారుల ద్వారా మనుషులకు సోకుతుందన్న విషయము అప్పటికి తెలియదు. 1898లో కరాచీలో పాల్-లూయీ సీమోన్ దీనిని కనుగొన్నాడు, వైద్యలోకము దానిని అంగీకరించడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టినది. 1896లో అధికారులు మురికి, గాలి వెలుతురు లేని ఇళ్ళు, రోగి శరీరము, రోగి వాడిన వస్తువులు, ఇవే వ్యాధికి మూలమని నమ్మారు. కాబట్టి నిబంధనలన్నీ ఎలుకను వదిలి మనిషిని, మనిషి ఇంటిని లక్ష్యముగా చేసుకొన్నవి. తరువాత జరిగిన గొడవలకు అసలు కారణము ఇక్కడే ఉన్నది.

ప్రభుత్వము తొందరపడడానికి మరొక కారణము వాణిజ్యము. బొంబాయి ఓడలను, సరుకులను ఐరోపా దేశాలు అడ్డుకుంటాయన్న భయము ఉండేది. 1897 ఆరంభములో వెనిస్ నగరములో అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు జరిగినది. ఆ సంవత్సరము హజ్ యాత్రను కూడా నిలిపివేశారు. పైగా 1896-97లో దక్కనులో కరువు నడుస్తున్నది. అంటే ప్రజలు ఒకేసారి కరువును, ప్లేగును, ప్లేగు నిబంధనలను ఎదుర్కొనవలసి వచ్చినది.

బొంబాయిలో తొలి ఆంక్షలు

1896 అక్టోబరు 6న బొంబాయి మునిసిపల్ కమిషనరు పి.సి.హెచ్. స్నో ఒక ప్రకటన జారీ చేశాడు. దాని ప్రకారము అధికారులు ఏ ఇంట్లోనైనా ప్రవేశించవచ్చు, అనుమానము ఉన్న రోగిని అతని ఇష్టముతో గాని, కుటుంబము ఇష్టముతో గాని పని లేకుండా ఆసుపత్రికి తరలించవచ్చు. ఇళ్ళకు సున్నము కొట్టించారు, మురుగుకాలువలలో మందునీళ్ళు పోయించారు, రోగుల బట్టలు, పరుపులు తగులబెట్టించారు. వెలుతురు రావడానికని ఇంటికప్పు పెంకులు తీయించారు, నేల త్రవ్వించారు. నివాసయోగ్యము కాదని తేల్చిన ఇళ్ళ గోడలపై "యు.హెచ్.హెచ్." అనే మూడు ఆంగ్ల అక్షరాలు వ్రాశారు. మనుషుల నివాసానికి పనికిరాదని దాని అర్థము.

రోగులను ప్రధానముగా ఆర్థర్ రోడ్డు ఆసుపత్రికి తీసుకువెళ్ళేవారు. అక్టోబరు 29న సుమారు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఈ ఆసుపత్రిపై దాడి చేశారు. ఆ తరువాత స్నో తన ఉత్తర్వులను కొంత సడలించాడు. పారిశుద్ధ్య పనివారు భయపడి నగరము విడిచిపోతే వీధులు ఊడ్చేవారే ఉండరన్న ఆందోళన కూడా ఈ సడలింపుకు ఒక కారణము.

ప్రజలు చేసిన మొదటి పని ఊరు విడిచి వెళ్ళిపోవడం. 1891 జనాభా లెక్కల ప్రకారము బొంబాయి జనాభా సుమారు 8 లక్షల 20 వేలు. 1897 ఫిబ్రవరి నాటికి అందులో దాదాపు సగము మంది నగరము విడిచి వెళ్ళారని అంచనా. వీరిలో ప్లేగుకు భయపడినవారు ఎందరో, ఆసుపత్రికి భయపడినవారు ఎందరో విడదీసి చెప్పడం సాధ్యము కాదు. దీనివలన బట్టల మిల్లులలో పనివారికి కరువు వచ్చినది. మిల్లు యజమానులు వీధి మూలలలో నిలబడి పనివారిని వేలంపాటవలె పిలుచుకొనవలసి వచ్చినది. నెల జీతాలకు బదులు ఏ రోజు కూలి ఆ రోజు ఇచ్చే పద్ధతి కొంతకాలము నడిచినది. ప్లేగు కాలములో కార్మికుల చేయి పైకి వచ్చిన సందర్భము ఇదొక్కటే అనవచ్చు.

1897 అంటువ్యాధుల చట్టము

1897 ఫిబ్రవరి 4న కలకత్తాలో వైస్రాయి శాసన మండలి అంటువ్యాధుల చట్టమును ఆమోదించినది. అప్పటి వైస్రాయి లార్డ్ ఎల్గిన్. ఇందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. రెండవ సెక్షను ప్రకారము సాధారణ చట్టాలు చాలవని తోచినప్పుడు ప్రభుత్వము తాత్కాలిక నిబంధనలు చేయవచ్చు. ప్రయాణీకులను పరీక్షించవచ్చు, అనుమానితులను వేరుగా ఉంచవచ్చు. మూడవ సెక్షను ప్రకారము నిబంధనలను అతిక్రమించినవారికి భారత శిక్షాస్మృతి 188వ సెక్షను క్రింద శిక్ష పడేది. నాలుగవ సెక్షను ప్రకారము సదుద్దేశముతో పనిచేసిన అధికారిపై ఏ దావా చెల్లదు. నిర్ణయాలపై మరొకరికి చెప్పుకొనే అవకాశము గురించి చట్టములో ఒక్క మాట లేదు.

ఈ చట్టము ఇచ్చిన అధికారముతో 1897 మార్చిలో బొంబాయి నగరానికి బ్రిగేడియర్ జనరల్ డబ్ల్యూ.ఎఫ్. గటాక్రే అధ్యక్షతన ప్లేగు కమిటీ ఏర్పడినది. దాదాపు అదే రోజులలో పూణేలో రాండ్ అధ్యక్షతన మరొక కమిటీ ఏర్పడినది. చట్టము ఒకటే, గవర్నరు (లార్డ్ శాండ్‌హర్స్ట్) ఒకడే. కాని రెండు నగరాలలో అమలు జరిగిన తీరు వేరు, ఫలితమూ వేరు.

ప్రజల అభ్యంతరాలు

ప్లేగు సోకినవారికి చంకలలో, గజ్జలలో బిళ్ళలు కడతాయి. వ్యాధిని గుర్తించడానికి వైద్యులు మొదట చూసేది ఆ భాగాలనే. రైల్వే స్టేషన్లలో ప్రయాణీకులను ప్లాట్‌ఫారం మీద వరుసగా నిలబెట్టి, అందరి ఎదుట ఈ పరీక్ష చేసేవారు. పరీక్షించేవారు పురుషులు, అందులోనూ చాలామంది పరదేశీయులు. స్త్రీలకు ఇది భరించరాని అవమానము. ఘోషా పాటించే ముస్లిం కుటుంబాలు, అగ్రవర్ణ హిందూ కుటుంబాలు దీనిని మిక్కిలి తీవ్రముగా ప్రతిఘటించినవి. కొన్ని స్టేషన్లలో తరువాత స్త్రీలకు స్త్రీ వైద్యులను నియమించారు, అయితే వారి సంఖ్య చాలా తక్కువ.

ఆసుపత్రి అనగానే ఆనాటి సామాన్యునికి కలిగే భావము వేరు. అక్కడ ఎవరు వండినది తినాలి, ఎవరు ఇచ్చిన నీరు త్రాగాలి, ప్రక్క మంచములో ఎవరు ఉంటారు, చనిపోతే శవాన్ని ఎవరు తాకుతారు అన్నవి కులాచారము పాటించే వారికి ప్రాణముతో సమానమైన ప్రశ్నలు. వీటిని మూఢనమ్మకాలుగా అధికారుల నివేదికలు కొట్టిపారేసినవి. నిజానికి కులముతో సంబంధము లేని మరొక కారణము కూడా ఉన్నది. ఆసుపత్రికి వెళ్ళినవారిలో ఎక్కువమంది తిరిగి రాలేదు. ప్లేగుకు అప్పటికి మందు లేదు. ఇంట్లో దాచి దాచి, చివరి ఘడియలలో పట్టుబడిన రోగులే ఎక్కువగా ఆసుపత్రికి చేరేవారు, చేరిన ఒకటి రెండు రోజులలో చనిపోయేవారు. బయట ఉన్నవారికి మాత్రము ఆసుపత్రికి పోతే చస్తారన్న సంగతి ఒక్కటే కనిపించేది. అది చూసి మరికొందరు రోగులను దాచేవారు. ఈ విధముగా భయము, దాపరికము ఒకదానినొకటి పెంచుకొంటూ పోయినవి.

రోగి ఇంటివారిని, కొన్నిచోట్ల ఇరుగుపొరుగువారిని కూడా, ఊరి బయట సెగ్రిగేషన్ క్యాంపులలో కొన్ని రోజులు ఉంచేవారు. రోజు కూలి మీద బ్రతికేవారికి అన్ని రోజుల కూలి పోయినట్లే. వెనుక తాళము వేసిన ఇంట్లో సామానుకు రక్షణ లేదు. తిరిగి వచ్చేసరికి వంటపాత్రలు, బట్టలు, కొందరికి ధాన్యము కూడా మిగలలేదు. తగులబెట్టినవి కొన్ని, దొంగతనమునకు పోయినవి కొన్ని. ప్లేగు ఉన్నదని చెప్పి బెదిరించి లంచము గుంజే పోలీసులు, క్రింది ఉద్యోగులు తయారైనారు. శత్రువు ఇంట్లో రోగి ఉన్నాడని తప్పుడు కబురు ఇచ్చేవారూ ఉన్నారు.

రోగులను అటకల మీద, బీరువాలలో, ధాన్యపు గాదెలలో దాచిన సంఘటనలు ఆనాటి నివేదికలలో కనిపిస్తాయి. శవాలను రాత్రివేళ రహస్యముగా పూడ్చిపెట్టేవారు. వైద్యుడు చూడనిదే దహనము గాని ఖననము గాని చేయరాదన్న నిబంధన దీనికి కారణము. అందువలన ప్రభుత్వము వద్ద ఉన్న మరణాల లెక్కలు కూడా నమ్మదగినవి కాకుండా పోయినవి. ఆంక్షలు ఎంత బిగిస్తే వ్యాధి సమాచారము అంత తగ్గిపోయినదన్నమాట.

వదంతులు

రోగులను ఆసుపత్రిలో తలక్రిందులుగా వ్రేలాడదీసి శరీరము నుండి నూనె తీస్తారని, ఆ నూనెను "మొమియాయి" అనే మందుగా వాడతారని బొంబాయిలో వదంతి పుట్టినది. 1896 అక్టోబరులో నగరములోని విక్టోరియా రాణి విగ్రహానికి ఎవరో తారు పూశారు. ఆ అవమానానికి ప్రతిగా రాణి బొంబాయి ప్రజల అవయవాలు కోరినదని, అందుకే మనుషులను ఆసుపత్రికి పట్టుకుపోతున్నారని మరొక వదంతి. తారు పూసినది తామేనని దామోదర్ చాపేకర్ తరువాత ఒప్పుకొన్నాడు. ఇటువంటి కథలను అక్షరాలా నమ్మినవారు ఎందరో తెలియదు. పాలకులపై ప్రజలకు నమ్మకము ఎంత సన్నగిల్లినదో తెలియడానికి మాత్రము ఇవి చాలు.

పూణేలో రాండ్ కమిటీ

రాండ్ ఐ.సి.ఎస్. అధికారి. పూణేకు రాక ముందు సతారాలో సహాయ కలెక్టరు. 1897 ఫిబ్రవరిలో అతనిని పూణేలో ప్లేగు నివారణ పనికి నియమించారు. కమిటీలో అతనితోపాటు సైన్యము నుండి లెఫ్టినెంట్ కర్నల్ ఫిలిప్స్, హాంగ్‌కాంగ్ ప్లేగులో పనిచేసిన అనుభవము గల సైనిక వైద్యుడు బెవరిడ్జ్ సభ్యులు. ముగ్గురిలో ఒక్క భారతీయుడు కూడా లేడు.

మార్చి 13న ఇళ్ళ సోదాలు మొదలై మే 19 వరకు సాగినవి. సోదాలకు డర్హామ్ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన బ్రిటిషు సైనికులను వాడారు. ఒక పేటను సైనికులు చుట్టుముట్టేవారు, తరువాత జట్లు జట్లుగా ఇళ్ళలోకి వెళ్ళేవారు. తలుపు తీయకపోతే పగలగొట్టేవారు. సైనికులు దేవుని గదులలోకి, వంట ఇళ్ళలోకి బూట్లతో వచ్చారని, విగ్రహాలను పారవేశారని, స్త్రీలను వీధిలోకి తెచ్చి పరీక్షించారని, వస్తువులు మాయమైనవని ఫిర్యాదులు వచ్చినవి. సైనికులు మతాచారాలను గౌరవించవలెనని ముందుగానే ఆదేశాలు ఇచ్చామని, వచ్చిన ఫిర్యాదులు కొద్దివేనని, అందులోనూ నిలబడేవి తక్కువని కమిటీ తన నివేదికలో వ్రాసుకొన్నది. అర్జీలను విచారించినదీ ఆ కమిటీయే కాబట్టి ఈ మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది చరిత్రకారులలో చర్చనీయాంశము.

బొంబాయిలో గటాక్రే సైనికాధికారి అయినప్పటికీ సైనికులను ఇళ్ళలోకి పంపడానికి వెనుకాడాడు. కులపెద్దలను, మతపెద్దలను పిలిచి మాట్లాడాడు. ఏ వర్గమువారు ఆ వర్గము కోసము సొంత ప్లేగు ఆసుపత్రి పెట్టుకోవడానికి అనుమతించాడు. పార్సీలు, ఖోజాలు, భాటియాలు, జైనులు మొదలైన వర్గాల ఆసుపత్రులు పదుల సంఖ్యలో వెలసినవి. సొంతవారి వంట, సొంతవారి సేవ ఉన్నచోటికి రోగులు తమంతట తాముగా రావడం మొదలైనది. పూణేలో కూడా బాలగంగాధర తిలక్ పూనుకొని హిందువుల కోసము ఒక ప్లేగు ఆసుపత్రి ఏర్పాటు చేయించాడు, కాని అప్పటికే సైనికుల సోదాలు నగరము మనస్సును విరిచివేసినవి.

సోదాలు మొదలు కావడానికి మూడు రోజుల ముందు, మార్చి 10న, సావిత్రిబాయి ఫూలే పూణేలో ప్లేగుతో మరణించినది. ఆమె, ఆమె దత్తపుత్రుడు డాక్టర్ యశ్వంత్ నగర శివార్లలో రోగులకు చికిత్సా కేంద్రము నడిపారు. ప్లేగు సోకిన ఒక బాలుని ఆమె స్వయముగా మోసుకొని తెచ్చి, ఆ వ్యాధికే గురి అయినది. ప్లేగు పట్ల ప్రజా ప్రతిస్పందన అన్నప్పుడు అల్లర్లతోపాటు ఇటువంటి సేవను కూడా చెప్పుకోవలసి ఉన్నది.

పత్రికలు, నాయకులు

తిలక్ నడిపిన కేసరి (మరాఠీ), మరాఠా (ఆంగ్లము) పత్రికలు మొదట ప్లేగు నివారణ చర్యలను సమర్థించినవి. తిలక్ వ్యాధి భయముతో పూణే విడిచి వెళ్ళలేదు, విడిచి వెళ్ళిన నాయకులను విమర్శించాడు కూడా. సైనికుల సోదాలు మొదలైన తరువాతనే ఆయన స్వరము మారినది. రోగులను వేరుగా ఉంచడం తప్పని ఆయన అనలేదు, దానిని చేసే పద్ధతిని, చేసేవారిని తప్పుపట్టాడు. ఈ భేదము తరువాతి కాలపు వ్రాతలలో తరచుగా మరుగున పడుతుంది.

పండిత రమాబాయి పూణేలో స్త్రీల కోసము శారదా సదనము నడుపుతున్న సంఘ సంస్కర్త, క్రైస్తవ మతము స్వీకరించినది. ఆమెను కులాచారాల పక్షపాతి అని ఎవరూ అనలేరు. అటువంటి రమాబాయి కూడా ప్లేగు శిబిరములో స్త్రీలకు రక్షణ లేదని "బొంబాయి గార్డియన్" పత్రికకు 1897లో లేఖ వ్రాసినది. ఆ ఆరోపణలు నిజము కావని ప్రభుత్వము ప్రకటించినది.

గోపాలకృష్ణ గోఖలే ఆ సమయములో వెల్బీ కమిషను ఎదుట సాక్ష్యము చెప్పడానికి ఇంగ్లాండులో ఉన్నాడు. పూణే నుండి మిత్రులు వ్రాసిన ఉత్తరాల ఆధారముగా, సైనికులు స్త్రీలపై అత్యాచారము చేశారని "మాంచెస్టర్ గార్డియన్" పత్రికలో చెప్పాడు. తిరిగి వచ్చిన తరువాత సాక్ష్యము చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఉత్తరాలు వ్రాసినవారి పేర్లు బయటపెట్టడానికి ఇష్టపడక, గోఖలే బహిరంగముగా క్షమాపణ చెప్పి ఆరోపణలు ఉపసంహరించుకొన్నాడు. దీనికి ఆయన స్వపక్షములో చాలా నిందలు పడ్డాడు. ఆ తరువాత ఆయన ప్లేగు సేవాకార్యక్రమాలలో స్వచ్ఛందముగా పనిచేశాడు.

రాండ్ హత్య

1897 జూన్ 22 విక్టోరియా రాణి పాలనా వజ్రోత్సవము. ఆ రాత్రి పూణే శివారులోని గణేశ్‌ఖిండ్ గవర్నరు భవనములో విందు జరిగినది. విందు ముగించుకొని గుర్రపుబండిలో తిరిగి వస్తున్న రాండ్‌ను దామోదర్ హరి చాపేకర్ తుపాకితో కాల్చాడు. వెనుక బండిలో ఉన్న లెఫ్టినెంట్ అయర్స్ట్‌ను అతని తమ్ముడు బాలకృష్ణ కాల్చాడు. అయర్స్ట్ అక్కడికక్కడే మరణించాడు, రాండ్ జూలై 3న మరణించాడు. చాపేకర్లు చించ్‌వడ్‌కు చెందిన బ్రాహ్మణ కుటుంబమువారు. (ఆ గణేశ్‌ఖిండ్ భవనమే తరువాత పూణే విశ్వవిద్యాలయ ప్రధాన భవనమైనది. 2014లో ఆ విశ్వవిద్యాలయానికి సావిత్రిబాయి ఫూలే పేరు పెట్టారు.)

ప్రభుత్వము 20,000 రూపాయల బహుమతి ప్రకటించినది. పూణేలో అదనపు పోలీసు బలగాన్ని దింపి దాని ఖర్చును ప్రజలపై వేసినది. నాటు సోదరులు అనే ఇద్దరు ప్రముఖులను విచారణ లేకుండా 1827 నాటి రెగ్యులేషను క్రింద నిర్బంధించినది. దామోదర్‌ను 1898 ఏప్రిల్ 18న ఎరవాడ జైలులో ఉరి తీశారు. బాలకృష్ణ నిజాము రాజ్యములోకి పారిపోయి చాలాకాలము దాగి ఉన్నాడు, చివరకు పట్టుబడినాడు. సమాచారము ఇచ్చిన ద్రావిడ్ సోదరులను మూడవ సోదరుడు వాసుదేవ్, మిత్రుడు మహాదేవ్ రానడే 1899 ఫిబ్రవరిలో చంపారు. 1899 మే నెలలో వాసుదేవ్, రానడే, బాలకృష్ణ ముగ్గురినీ ఉరి తీశారు.

తిలక్‌ను 1897 జూలై 27న రాజద్రోహ నేరముపై అరెస్టు చేశారు. నేరారోపణకు ఆధారము ప్లేగు గురించిన వ్యాసాలు కావు. జూన్ 15 నాటి కేసరిలో శివాజీ ఉత్సవముపై వచ్చిన వ్రాతలు. ప్రభుత్వముపై ప్రేమ లేకపోవడమే రాజద్రోహ భావన అన్నట్లుగా న్యాయమూర్తి స్ట్రాచీ జ్యూరీకి వివరించాడు. ఆరుగురు ఐరోపా జ్యూరీ సభ్యులు దోషి అన్నారు, ముగ్గురు భారతీయ సభ్యులు నిర్దోషి అన్నారు. సెప్టెంబరు 14న పద్దెనిమిది నెలల కఠిన కారాగార శిక్ష పడినది. మాక్స్ ముల్లర్ వంటివారు చేసిన విజ్ఞప్తుల తరువాత 1898 సెప్టెంబరులో విడుదల చేశారు. 1898లో రాజద్రోహ సెక్షను (124-ఎ) పరిధిని పెంచుతూ శిక్షాస్మృతిని సవరించారు. ఈ విధముగా ఒక వ్యాధి నివారణకు తెచ్చిన నిబంధనలపై వచ్చిన విమర్శ, చివరకు పత్రికల స్వేచ్ఛను సంకుచితము చేసిన శాసనానికి దారితీసినది.

1898 నుండి 1900 వరకు జరిగిన అల్లర్లు

1898 జనవరిలో నాసిక్ జిల్లా సిన్నార్‌లో జనసమూహము ప్లేగు ఆసుపత్రిపై దాడి చేసినది. మార్చి 9న బొంబాయి మదన్‌పురాలో, జులాహా (ముస్లిం నేతపనివారు) కుటుంబములో జబ్బుపడిన పన్నెండేళ్ళ బాలికను పరీక్షించడానికి సోదా జట్టు వచ్చినప్పుడు ఇంటివారు అడ్డుకొన్నారు. గుమిగూడిన జనము రాళ్ళు రువ్వినది, పోలీసులు కాల్పులు జరిపారు. అల్లరి మిగతా పేటలకు ప్రాకినది. ప్రాణనష్టము జరిగినది. వెంటనే బండివాళ్ళు, రేవు కూలీలు సమ్మె చేశారు. రేవులో సరుకు కదలకపోవడంతో రాళ్ళదాడికంటే ఈ సమ్మెకే ప్రభుత్వము ఎక్కువగా చలించినదని చెప్పవచ్చు. ఈ అల్లరిలో హిందువులు, ముస్లిములు కలిసి పాల్గొనడం కూడా అధికారులను ఆలోచింపజేసినది. 1893లో అదే నగరము ఈ రెండు వర్గాల మధ్య పెద్ద ఘర్షణను చూసి ఉన్నది.

ప్రెసిడెన్సీ వెలుపల కూడా ఇదే తీరు. 1898 ఏప్రిల్‌లో పంజాబులోని గఢ్‌శంకర్‌లో, మే నెలలో కలకత్తాలో, నవంబరులో మైసూరు రాజ్యములో శ్రీరంగపట్టణము దగ్గరి గంజాములో గొడవలు జరిగినవి. 1900 ఏప్రిల్ 11న కాన్పూరులో జనము సెగ్రిగేషన్ శిబిరాన్ని తగులబెట్టి కాపలా ఉన్న పోలీసులను చంపినది. చనిపోయిన కానిస్టేబుళ్ళూ, ఆసుపత్రి సిబ్బందీ భారతీయులే. ప్రభుత్వముపై కోపము దాని చివరి మెట్టున ఉన్న చిరుద్యోగుల మీద పడినది.

సడలింపు, టీకాలు

1898 మధ్య నుండి ప్రభుత్వ వైఖరి మారినది. సైనిక సోదాలు, బలవంతపు తరలింపులు క్రమముగా ఆగిపోయినవి. రోగిని ఇంటిలోనే వేరుగా ఉంచడానికి, సొంత వైద్యుని చూపించుకోవడానికి, శవాన్ని స్వవర్గమువారే పరిశీలించడానికి అవకాశము ఇచ్చారు. ప్రజలు తమంతట తాము ఊరు ఖాళీ చేసి పొలాలలో గుడిసెలు వేసుకోవడాన్ని ప్రోత్సహించారు. ఎలుకలు చావగానే ఇల్లు వదలడమన్న ఆచారము గఢ్వాల్, కుమావూన్ కొండ ప్రాంతాలలో అంతకుముందే ఉన్నది. శాస్త్రజ్ఞులకంటే ముందే అక్కడి గ్రామీణులు సరియైన మార్గము కనుగొన్నారని దీనిని బట్టి తెలుస్తుంది.

వాల్డెమార్ హాఫ్‌కిన్ బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి 1897 జనవరి 10న తనపైనే ప్రయోగించుకొన్నాడు. ఖోజాల మతగురువు మూడవ ఆగాఖాన్ తన అనుచరుల ఎదుట టీకా వేయించుకొని వారిని ఒప్పించాడు. హుబ్లీలో 1898లో వేలాదిమంది టీకా వేయించుకొన్నారు. టీకా వేసుకొన్నవారికి నిర్బంధము నుండి మినహాయింపు ఇవ్వడం కూడా పనిచేసినది. అయితే టీకాను తప్పనిసరి చేస్తారన్న వదంతి కలకత్తాలో అల్లరికి కారణమైనది. 1902 అక్టోబరులో పంజాబులోని మల్కోవాల్‌లో టీకా వేసుకొన్న 19 మంది ధనుర్వాతముతో మరణించడంతో ప్రజల నమ్మకము మళ్ళీ దెబ్బతిన్నది.

నిబంధనలు సడలించడం వలన వ్యాధి పెరిగినదా అన్న ప్రశ్నకు సూటి సమాధానము లేదు. కఠిన నిబంధనలు ఉన్న రోజులలోనూ ప్లేగు ప్రెసిడెన్సీ అంతటా వ్యాపించినది, సడలించిన తరువాతనూ వ్యాపించినది. 1904లోను, 1907లోను దేశములో ఏడాదికి పది లక్షలకు పైగా ప్లేగుతో మరణించారు. మొత్తము మీద ఈ మహమ్మారి భారతదేశములో సుమారు కోటీ ఇరవై లక్షల మందిని బలిగొన్నదని అంచనా.

తెలుగు ప్రాంతాలు

మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు బొంబాయి అంతటి తీవ్రరూపము దాల్చలేదు. బొంబాయి, మైసూరు, నిజాము రాజ్యాలకు సరిహద్దున ఉన్న బళ్ళారి జిల్లా ఎక్కువ దెబ్బతిన్నది. ప్లేగు ఉన్న ప్రాంతాల నుండి వచ్చేవారికి "ప్లేగు పాస్‌పోర్టు" ఇచ్చి, కొన్ని రోజులపాటు ప్రతిదినము అధికారికి కనిపించవలెనని నియమము పెట్టారు. ప్రయాణీకులకు ఇది చికాకు కలిగించినా, ఇళ్ళలోకి చొరబడడంకంటే తక్కువ బాధాకరము. హైదరాబాదు నగరములో 1911లో ప్లేగు తీవ్రముగా వచ్చినది. 1908 మూసీ వరదలతోపాటు ఇది కూడా 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడడానికి ఒక కారణము. బొంబాయిలో ఇటువంటి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు 1898లోనే ఏర్పడినది.

చరిత్రకారుల అభిప్రాయాలు

వలస ప్రభుత్వము భారతీయుల శరీరముపైనే అధికారము చలాయించబోవడం, దానిని ప్రజలు అడ్డుకోవడం ఈ ఘర్షణకు మూలమని డేవిడ్ ఆర్నాల్డ్ అభిప్రాయము. దీనిని కేవలము పాశ్చాత్య వైద్యానికి, భారతీయ సంస్కృతికి మధ్య ఘర్షణగా చూడరాదని రాజ్‌నారాయణ్ చందావర్కర్ వాదించాడు. వైద్యులలోనే వ్యాధి గురించి ఏకాభిప్రాయము లేదని, అధికారులు కూడా భయముతోనే పనిచేశారని, పేదలు ఎదిరించినది వైద్యాన్ని కాక తమ బ్రతుకుతెరువును, ఇంటిని దెబ్బతీసిన ప్రభుత్వ చర్యలనని ఆయన చూపించాడు. వర్గ ఆసుపత్రులకు రోగులు తమంతట తాము వెళ్ళడం ఈ రెండవ వాదనకు బలము చేకూరుస్తుంది.

తదనంతరము

1897 చట్టము స్వాతంత్ర్యము తరువాత కూడా కొనసాగినది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కోవిడ్-19 నిబంధనలను ఈ చట్టము క్రిందనే జారీ చేసినవి. లాక్‌డౌను అతిక్రమించినవారిపై పెట్టిన కేసులలో 188వ సెక్షను మరల వినిపించినది. వైద్య సిబ్బందిపై దాడులు జరగడంతో 2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్సు ద్వారా, సెప్టెంబరులో చట్టము ద్వారా సవరణ చేసి అటువంటి దాడులకు కఠిన శిక్షలు విధించారు. ఆ సవరణ ఆరోగ్య సిబ్బందికి రక్షణ కల్పించినది. నిర్బంధములో ఉన్నవారి హక్కుల గురించి ఏ కొత్త సెక్షనూ చేర్చలేదు.

1896లో మిల్లు కార్మికులు దాడి చేసిన ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి ప్రస్తుతము కస్తూర్బా ఆసుపత్రిగా పిలువబడుతున్నది. 2020లో ముంబైలో మొదటి కోవిడ్ అనుమానితులను ఉంచినది అక్కడే. హాఫ్‌కిన్ ప్రయోగశాల 1899లో పరేల్‌లోని పాత గవర్నరు భవనానికి మారినది, 1925 నుండి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌గా ప్రసిద్ధి చెందినది. రాండ్ హత్య ఇతివృత్తముగా 1979లో "22 జూన్ 1897" అనే మరాఠీ చలనచిత్రము వచ్చినది.